హరితరేణువు కబురు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఆకు కణాలలో వెలుతురుతో ఆహారం తయారుచేసే హరితరేణువులు, అదే కణంలోని కేంద్రకంతో ఎలా సంభాషిస్తాయన్న నీ వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు, అయితే సంకేతం ఉందని మొదటి వాక్యంలోనే ప్రకటించి, ఆ సంగతి శాస్త్రవేత్తలకు ఎలా తెలిసిందో ఎక్కడా చెప్పలేదు. పాఠకుడికి అందవలసింది ఆ దారే.

ముందు అవసరం ఎక్కడ పుట్టిందో చూపించు. హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల సంతతి. దాని జన్యువులలో కొన్ని నశించి, చాలా భాగం కేంద్రకానికి చేరగా, ఇప్పుడు మిగిలినవి సుమారు 120 మాత్రమే. దానికి కావలసిన ప్రొటీన్లు మాత్రం వేలలో ఉంటాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టే రూబిస్కో ఎంజైమునే చూడు: పెద్ద ఉపభాగం జన్యువు హరితరేణువులో, చిన్నదాని జన్యువు కేంద్రకంలో ఉన్నాయి. రెండు చోట్ల సాగే పనికి పొంతన కుదరాలంటే హరితరేణువు స్థితి కేంద్రకానికి తెలియక తప్పదు.

తరువాత ప్రయోగానికి రా, ఇక్కడ తొందరపడకు. నార్‌ఫ్లూరాజాన్ అనే కలుపు మందు, హరితరేణువులను వెలుతురు దెబ్బ నుంచి కాపాడే కెరోటినాయిడ్ వర్ణకాల తయారీని ఆపుతుంది. ఆ రక్షణ కరువైన హరితరేణువులు వెలుతురులో దెబ్బతిని మొలక తెల్లబడుతుంది. అప్పుడు ఎక్కడో కేంద్రకంలో, కాంతిని గ్రహించే ప్రొటీన్ల జన్యువులు మందగిస్తాయి. 1993లో జోవాన్ కోరీ, ఆమె సహచరులు ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలలో, హరితరేణువు పాడైనా ఆ జన్యువులను ఆపని ఉత్పరివర్తకాలను, అంటే జన్యువు మారిన మొక్కలను, పట్టుకుని వాటికి 'గన్' (జీనోమ్స్ అన్‌కపుల్డ్, లంకె తెగిన జన్యుసముదాయాలు) అని పేరు పెట్టారు. కబురు అందని మొక్కలు దొరకడం వల్లనే కబురు ఉందన్న నమ్మకం బలపడింది. ఈ తర్కం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

ఆ మొక్కలలో మారిన గన్ జన్యువులలో చాలావి పత్రహరితం, ఇనుము ఉండే హీమ్ అనే అణువు తయారయ్యే మార్గానికి చెందినవని తేలింది. అందుకే 2003లో ఆ మార్గం మధ్యలో తయారయ్యే మెగ్నీషియం ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం కబురు మోస్తోందని ప్రతిపాదించారు. 2008లో రెండు బృందాలు విడివిడిగా కొలిచి చూస్తే, దాని పరిమాణానికీ జన్యువుల తీరుకూ పొంతన కనబడలేదు. 2011 నాటికి దృష్టి హీమ్ వైపు మళ్లింది. నీ వ్యాసంలో ఆ పాత ప్రతిపాదన రుజువైన సత్యంగా నిలిచిపోయింది. దాన్ని కొట్టివేయకు, ఎందుకు పుట్టిందో, ఎలా వీగిందో రెండూ రాయి.

కబురు ఒక్కటేనన్న భావన కూడా కలగనీయకు. నీటి ఎద్దడిలో పీఏపీ అనే చిన్న అణువు పేరుకుని, ఆర్‌ఎన్‌ఏను ఛేదించే ఎంజైములను అడ్డుకుంటుంది. మితిమీరిన వెలుతురులో పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం దారి వేరు. వీటికి చెరొక పేరా చాలు, నార్‌ఫ్లూరాజాన్ ప్రయోగానికి మాత్రం సగం వ్యాసం కేటాయించు. తిరగరాసి పంపితే మళ్లీ చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి