ఫోర్ బై ఫోర్‌కి రెండు టైర్లే మారిస్తే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మాది పాడేరు. కాఫీ, మిరియాల వ్యాపారం. థార్ ఫోర్ బై ఫోర్‌లో నెలకు 1,500 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. వానాకాలం కాబట్టి రోజూ ఫోర్ హై (నాలుగు చక్రాలనూ ఇంజిన్ లాగే గేరు) వాడాల్సి వస్తోంది. వెనుక టైర్లు రెండూ అరిగిపోయాయి, ముందువి సగం ఉన్నాయి. కొత్తవి ఒక్కోటి 12,000. నాలుగూ మారిస్తే 48,000. ఒక స్నేహితుడు తన ఫార్చ్యూనర్‌కి తీసేసిన టైర్లు రెండు 9,000కి ఇస్తానంటున్నాడు. అవీ 18 అంగుళాలవే. కాఫీ డబ్బు డిసెంబరులో గానీ రాదు. లక్ష రూపాయల ఎఫ్‌డీ, ఒక క్రెడిట్ కార్డు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 9,000 టైర్ల మాట మర్చిపోండి. 18 అనేది రిమ్ కొలత మాత్రమే, టైరు ఎత్తు కాదు. మీ టైరు పక్కన 255/65 ఆర్18 అని ఉంటుంది. ఫార్చ్యూనర్ 18 అంగుళాల టైరు మీద 265/60 ఆర్18 అని ఉంటుంది. లెక్క వేస్తే మీది సుమారు 789 మిల్లీమీటర్ల ఎత్తు, అది 775. కిలోమీటరు దూరానికి మీ టైరు దాదాపు 404 చుట్లు తిరిగితే, అది 411 చుట్లు తిరగాలి.

ఈ ఏడు చుట్ల తేడా టూ హైలో పెద్దగా బాధించదు, ఎందుకంటే అప్పుడు ఇంజిన్ లాగేది వెనుక చక్రాలను మాత్రమే. ఫోర్ హైలో పెట్టగానే ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజిన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె, ముందు, వెనుక చక్రాలను తిప్పే షాఫ్టులను ఒకటిగా బిగించేస్తుంది. ముందు, వెనుక వేర్వేరు వేగాలతో తిరగనిచ్చి తేడాను సర్దే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక మధ్యలో లేదు. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. మీ దారిలో బురద దాటగానే తారు వస్తుంది కదా, అక్కడ జారే వీల్లేక ఆ ఒత్తిడంతా గేర్ల మీద, చెయిన్ మీద, షాఫ్టుల మీద పడుతుంది. చాలా ఏళ్ల క్రితం నా పాత జీపుకి ఇలాగే వేరే టైర్లు వేయించాను. ఘాట్ దిగాక లివర్ టూ వీల్‌లోకి రాలేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. బండిని పది అడుగులు వెనక్కి నడిపితే కింద 'ఠంగ్' మని చప్పుడొచ్చి, అప్పుడు లివర్ కదిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పాల్సి వస్తే నాలుగు టైర్ల ధర దాటిపోవచ్చు. బీమా ఆదుకుంటుందనుకోకండి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటార్ పాలసీలోకి రావు. టైర్లకైనా ప్రమాదంలో బండి కూడా దెబ్బతింటేనే, అదీ సగం ఖర్చే ఇస్తారు.

సైజు ఒకటే అయినా సగం అరిగిన టైరు కొత్తదాని కంటే ఎత్తు తక్కువే. కాబట్టి రోజూ ఫోర్ హై వాడే మీకు నా సలహా నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే డిజైన్. డబ్బు కోసం ఎఫ్‌డీని బద్దలు కొట్టొద్దు, దాని మీద లోన్ తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు. 8 శాతం అనుకుంటే 48,000కి నాలుగు నెలల వడ్డీ 1,280 రూపాయలు. అదే కార్డు బిల్లు కట్టకుండా వదిలేస్తే నెలకు మూడున్నర శాతం లెక్కన ఒక్క నెలకే 1,680 అవుతుంది. 'నో కాస్ట్ ఈఎంఐ' అంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంత, నగదుకి డిస్కౌంట్ ఎంత పోతోంది, ఈ రెండూ అడిగాకే ఒప్పుకోండి. కాఫీ డబ్బు రాగానే మొదట ఈ లోన్ తీర్చేయండి.

ఇప్పుడు అంత అప్పు టెన్షన్ అనిపిస్తే మరో దారి ఉంది. మీ సైజువే కొత్తవి రెండు వెనుక వేయించండి, డిసెంబరులో అవే రకం ముందుకు తీసుకోండి. అప్పటిదాకా ఫోర్ హై బురదలోనే, తారు తగలగానే టూ హై. ఈ క్రమశిక్షణ పాటించగలనని గట్టిగా అనుకుంటేనే ఈ దారి పట్టండి. వానలో, చీకట్లో, బస్తాల లోడుతో వస్తూ లివర్ మార్చడం మర్చిపోవడం చాలా తేలిక.

కొనేటప్పుడు టైరు మీద తయారీ తేదీ నాలుగంకెలు చూడండి, చివరి రెండూ సంవత్సరం. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అదే ఉందో లేదో చూసుకోండి. లెక్కల పుస్తకాలు రాసి రిటర్న్ వేస్తుంటే వ్యాపారానికి వాడిన మేరకు ఇది వ్యాపార ఖర్చే, ఆ బిల్లు దాచండి.

మళ్లీ ఈ ఇబ్బంది రాకుండా కిలోమీటరుకు రూపాయీ పావలా చొప్పున పక్కన పెట్టండి. మీ తిరుగుడికి నెలకు 1,875 అవుతుంది. మీ దారుల్లో టైర్లు 40,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే, అప్పటికి 50,000 చేతిలో ఉంటాయి. ప్రతి 10,000 కిలోమీటర్లకు ముందువి వెనక్కి, వెనుకవి ముందుకి మార్పించండి. అప్పుడు నాలుగూ సమానంగా అరుగుతాయి, రెండే మార్చాలా అన్న ప్రశ్నే రాదు.

తీసేసిన ముందు టైర్లలో మెరుగైనదాన్ని స్టెప్నీగా ఉంచుకోవచ్చు. కాకపోతే అది తగిలించి ఉన్నంతసేపూ, పంక్చర్ వేయించేదాకా, టూ హైలోనే నడపండి.