బాప్తిస్మం తీసుకున్నాక కూడా అదే పాపంలో మళ్ళీ మళ్ళీ పడుతుంటే, నేను నిజమైన విశ్వాసినేనా?

రెండు నెలలుగా ప్రభు బల్లకు, అంటే క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు, దూరంగా ఉంటున్నానని మీరు రాశారు. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ ప్రశ్ననే నేను తొమ్మిదేళ్ళపాటు నాలో నేను అడుగుకుంటూ గడిపాను. పైకి ఎవరినీ అడిగే ధైర్యం రాలేదు. పాటల బృందంలో పాడేవాణ్ణి, పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి, అయినా రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో అశ్లీల దృశ్యాలు చూసే అలవాటు నన్ను వదలలేదు. బైబిలు వెనుక అట్ట లోపలివైపు పెన్సిలుతో రోజుకొక గీత గీసుకునేవాణ్ణి. పడిన రోజున గీతలన్నీ చెరిపి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. చెరిపి చెరిపి ఆ చోట కాగితం నూగులేచి పలచబడింది. నేను చేరిన పెద్ద సంఖ్య 41.

42వ రోజు శనివారం. ఆ రాత్రి పడ్డాను. మర్నాడు ప్రభు బల్ల. రొట్టె పళ్ళెం నా వరుసకు వచ్చినప్పుడు దాని అంచు మాత్రం పట్టుకొని, లోపలికి చూడకుండా పక్కన కూర్చున్న సంఘపెద్దకు అందించాను. ఆయన ఒక్క క్షణం ఆగారు గాని ఏమీ అనలేదు. ఆరాధన ముగిసి నేను కుర్చీలు సర్దుతుంటే వచ్చి, తన బైబిలు నా చేతిలో పెట్టి, మొదటి కొరింథీ పత్రిక 11:28 పైకి చదవమన్నారు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని చదివి, నేను చేసింది సరైనదేనని చెప్పడానికే చదివించారనుకొని ఆగాను. "తమ్ముడూ, వాక్యం అక్కడ అయిపోలేదు, చివరిదాకా చదువు" అన్నారు. "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది. పరీక్షించుకొని లేచిపొమ్మని ఆ పత్రిక రాసిన పౌలు అనలేదు, పరీక్షించుకొని తినమన్నాడు. ఆ కుర్చీల మధ్యనే ఆయనకు నా సంగతంతా చెప్పేశాను.

ఎన్నిసార్లు పడ్డావని ఆయన అడగలేదు. పడ్డాక ఎంతసేపటికి ప్రార్థన చేస్తావని అడిగారు. కాస్త శుద్ధుణ్ణి అయ్యానని అనిపించేదాకా దేవుని ముఖం చూడలేనని, అందుకు మూడు నాలుగు రోజులు పడుతుందని చెప్పాను. ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు పడతావని అడిగారు. ప్రతి రాత్రీ పడతాను. నన్ను బానిసను చేసింది మొదటి రాత్రి శోధన కాదని, ఆ తర్వాత దేవునికి కనపడకుండా దాక్కున్న రోజులేనని అప్పుడు తెలిసింది.

యువజన కూటాలలో చేయి ఎత్తించి తీర్మానాలు చేయించేవారి మీద నాకున్న బాధ ఇదే. ఆ తీర్మానాల వల్ల అలవాటు మానినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. సాక్ష్యం చెప్పేవారు కూడా పూర్తిగా గెలిచిన కథలే చెబుతారు గనుక, ఇంకా పోరాడుతున్నవాడు వెనుక వరుసలో నోరు మూసుకొని కూర్చుంటాడు. కొరింథు సంఘంలో వ్యభిచారమూ వ్యాజ్యాలూ ఉన్నా, పౌలు వారిని గద్దించడానికి ముందే, పత్రిక ఆరంభంలోనే, క్రీస్తుయేసునందు పరిశుద్ధపరచబడినవారని పిలిచాడు. ఆరవ అధ్యాయంలో పాపాల పేర్లు చెప్పి, "మీలో కొందరు అట్టివారై యుంటిరి" అన్నాడు. అట్టివారై ఉన్నారని అనలేదు. రోమా 6:11లో పాపము విషయమై మృతులుగా మిమ్మును మీరే "యెంచుకొనుడి" అని ఉంది. అబ్రాహాము విశ్వాసం అతనికి నీతిగా ఎంచబడెనని నాలుగవ అధ్యాయంలో చెప్పిన చోట ఉన్నదీ గ్రీకులో అదే క్రియ. అది లెక్కలో వేసుకునే మాట. మనసుకు ఎలా అనిపిస్తున్నదన్నది అక్కడ ప్రశ్నే కాదు. నేను చచ్చినట్టు అనిపించని రాత్రి కూడా ఆ లెక్క నిలిచే ఉంటుంది. దీన్ని పాపానికి అనుమతిగా తీసుకునేవారు రోమా ఆరవ అధ్యాయం మొదటి రెండు వచనాలు చదవాలి; కృప విస్తరించాలని పాపంలోనే నిలిచి ఉండకూడదని అక్కడ ఉంది.

ఆ సంఘపెద్ద నాకు రెండు పనులు అప్పగించారు. ఫోన్ పడకగదిలోకి తీసుకెళ్ళకూడదు. పడితే, తెల్లవారకముందే ముందు దేవునితో, తర్వాత తనతో ఒప్పుకోవాలి. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని చెప్పే యాకోబు 5:16ను అంత సూటిగా పాటించమని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు. మొదటి నెలలో ఆయనకు ఆరుసార్లు సందేశం పంపాను. ప్రతిసారీ ఆయన జవాబు, క్రీస్తుయేసునందు ఉన్నవారికి ఏ శిక్షావిధీ లేదని చెప్పే రోమా 8:1 ఒక్కటే.

గీతలు గీయడం మానేశాను గనుక ఇప్పుడు నా దగ్గర సంఖ్య లేదు. గడిచిన సంవత్సరంలో పడిన రాత్రులు రెండో మూడో ఉన్నాయి. దేనికీ రెండవ రాత్రి రాలేదు. మీరు విశ్వాసియేనని నేను నమ్ముతున్నాను. ఈ ఆదివారానికి ముందే మీ సంఘంలో నమ్మదగిన ఒక్కరికి ఈ సంగతి చెప్పండి. పళ్ళెం మీ వరుసకు వచ్చినప్పుడు రొట్టె తీసుకోండి.