జీతం లైను తర్వాత చూడొచ్చు, ముందు బీమా కాగితం చదవండి

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 36 ఏళ్లు. మెకానికల్ డిజైన్ ఇంజినీరుగా పన్నెండేళ్ల అనుభవం ఉంది. ఇప్పుడు రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర, ఏడాదికి 56,000 యూరోలు. రెండోది దుబాయ్‌లో, నెలకు 18,000 దిర్హమ్‌లు, టాక్సు లేదు. చేతికొచ్చేది లెక్క వేస్తే దుబాయ్‌లోనే నెలకు లక్ష రూపాయలు పైగా ఎక్కువ. మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా టైప్-1 షుగర్, రోజుకు నాలుగు సార్లు ఇన్సులిన్ ఇస్తాం. అమ్మకు 66 ఏళ్లు, గుండె వాల్వు మార్చారు, రక్తం పలచబడడానికి అసిట్రామ్ మాత్ర వాడుతుంది. మా ఆవిడ బీకాం చదివి ఇంట్లోనే ఉంది. పాప జబ్బు సంగతి కంపెనీకి చెప్పాలా, దాచాలా? ఏ దేశానికి వెళ్లమంటారు? దుబాయ్ వాళ్లు 20వ తేదీలోగా జవాబు చెప్పమంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. యూరోలున్నాయి, దిర్హమ్‌లున్నాయి, టాక్సు ఉంది. బీమా అన్న మాట ఒక్కసారి కూడా లేదు. తప్పు పట్టడం లేదు, విదేశీ ఉద్యోగాల సలహా కోసం నా దగ్గరికి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆఫర్ లెటర్‌ను జీతం లైను దగ్గరే చదవడం మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు.

ఒకప్పుడు నేనూ అలాగే చదివాను. చాలా ఏళ్ల కిందట చంద్రగిరి వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. గల్ఫ్‌లో ఉద్యోగం, మంచి జీతం. వాళ్ల బాబుకు హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు అని అతనే చెప్పాడు. ‘అక్కడ మనకంటే పెద్ద ఆస్పత్రులున్నాయి, భయమెందుకు’ అన్నాను. ఆస్పత్రులకు లోటేమీ లేదు. కానీ కంపెనీ ఇచ్చిన బీమా కార్డు అతనొక్కడికే. భార్యాబిడ్డలకు తను సొంతంగా కొన్న పాలసీలో, ముందునుంచీ ఉన్న జబ్బుకు మొదటి ఆరు నెలలు పైసా రాదని చిన్న అక్షరాల్లో ఉంది. బాబుకు మోకాలు వాచి రెండుసార్లు ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే మందు) ఎక్కించేసరికి దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది. ఎనిమిదో నెలలో సామాన్లు సర్దుకుని వచ్చేశారు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. అప్పటినుంచి ఎవరు ఆఫర్ లెటర్ పట్టుకొచ్చినా ముందు బీమా కాగితం అడుగుతున్నాను.

మీ దుబాయ్ ఆఫర్‌ను అలా చూద్దాం. అక్కడ 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఉద్యోగికి బీమా చేయించడం కంపెనీ బాధ్యత. భార్యకూ పిల్లలకూ చేయించడం మాత్రం వాళ్లను స్పాన్సర్ చేసే మనిషి బాధ్యత. అంటే మీది. కొన్ని కంపెనీలు కుటుంబానికీ ఇస్తాయి, బాగానే ఇస్తాయి. అందుకే ‘దుబాయ్ వద్దు’ అని గుడ్డిగా అనను. బేసిక్ ప్లాన్ అయితే ఏడాదికి లక్షన్నర దిర్హమ్‌ల పరిమితి, మొదటిసారి చేరేవాళ్లకు పాత జబ్బుకు ఆరు నెలల ఆగుడు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇన్సులిన్ ఆరు నెలలు ఆగదు కదా. ఇన్సులిన్‌తో అయిపోదు. చేతికి అతికించే గ్లూకోజ్ సెన్సర్ ఒక్కోటి సుమారు రెండు వారాలు వస్తుంది, ఏడాదికి పాతిక దాకా కావాలి. స్ట్రిప్పులు, సూదులు, మూడు నెలలకోసారి పరీక్షలు వేరే. పైగా అక్కడ పాప చదువు ప్రైవేటు స్కూల్లోనే, ఫీజు మీదే. ఇంటద్దె కూడా తీసేశాక ఆ లక్ష ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి.

ఇంకో సంగతి. దుబాయ్‌లో ఉద్యోగం పోయి వీసా రద్దయితే దాని వెంటే బీమా కూడా పోతుంది. ఇంజినీరుకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, సరే. ఆ మధ్య రెండు నెలలు పాపకెలా?

ఇప్పుడు జర్మనీ. అక్కడ ప్రభుత్వ చట్టం కింద నడిచే ఆరోగ్య బీమా ఉంది. జీతం ఒక హద్దు లోపల ఉంటే అందులో చేరి తీరాలి. 2026కి ఆ హద్దు 77,400 యూరోలు, మీది 56,000. కాబట్టి మీరు అందులోనే ఉంటారు. దీన్ని అదృష్టం అనే అంటాను. ఎందుకంటే ఆ బీమా సంస్థ ‘మీ పాపకు షుగర్ ఉంది కాబట్టి తీసుకోం’ అనడానికి వీల్లేదు, ఎక్కువ ప్రీమియం అడగడానికీ వీల్లేదు, ఆగుడు కాలం పెట్టడానికీ వీల్లేదు. సంపాదన లేని భార్య, పిల్లలు అదే బీమాలో అదనపు ఖర్చు లేకుండా చేరతారు. మీ జీతంలోంచి దీనికి నెలకు సుమారు 400 యూరోలు పోతాయి, దాదాపు అంతే కంపెనీ కడుతుంది. మీకు కోతగా కనబడిన ఆ 400 లోనే పాప వైద్యం ఉంది. డాక్టరు రాసిన మందులకు పెద్దవాళ్లు ఐదు నుంచి పది యూరోల దాకా తమ వాటా కడతారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆ వాటా కూడా లేదు.

జర్మనీలో ప్రైవేటు బీమా కూడా ఉంది. అందులో పాత జబ్బును బట్టి ప్రీమియం పెంచుతారు, కొన్నిసార్లు అసలు తీసుకోరు. రేపు జీతం పెరిగి హద్దు దాటితే ‘ప్రైవేటుకు మారండి, చౌక’ అని చెప్పేవాళ్లు తప్పకుండా తగులుతారు. పెళ్లికాని కుర్రాళ్లకు చౌకే. మీరు ఆ వైపు చూడకండి.

ఒక్కటి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఈ బీమాలో ఉండి ఉద్యోగం చేసే తల్లికి గానీ తండ్రికి గానీ, ఇంట్లో చూసుకునే ఇంకో మనిషి లేకపోతే, పన్నెండేళ్ల లోపు పిల్లకు ఒంట్లో బాగాలేనప్పుడు ఇంట్లో ఉండి చూసుకోవడానికి ఏడాదికి 15 రోజుల దాకా సెలవు, ఆ రోజులకు జీతంలో ఎక్కువ భాగం బీమా నుంచి వస్తాయి. పిల్లకు షుగర్ 50కి పడిపోయిన రాత్రి తెల్లవారి ఆఫీసుకు ఏమని ఫోన్ చేయాలా అని మీరిద్దరూ ఎన్నిసార్లు తన్నుకులాడారో నాకు తెలియదు గానీ, అలా తన్నుకులాడే ఇళ్లు చాలా చూశాను.

నా మాట అడిగితే జర్మనీ. అయితే అందరూ ఒకేసారి విమానం ఎక్కకండి. ముందు మీరొక్కరే వెళ్లండి. ఇల్లు దొరకాలి, అడ్రసు రిజిస్టర్ చేయించాలి, బీమా కార్డు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త పేషెంట్లను తీసుకునే పిల్లల డాక్టరు దొరకాలి. ఇది మీరనుకున్నంత సులువు కాదు. మన దగ్గర చీటీ రాయించుకుని కూర్చుంటే సాయంత్రానికైనా డాక్టరు చూస్తాడు. అక్కడ ‘ఇక కొత్తవాళ్లను తీసుకోం’ అని మర్యాదగా ఫోన్ పెట్టేస్తారు. అత్యవసరం కాని వైద్యానికీ, అపాయింట్‌మెంట్లకూ 116117 అనే నంబరుంది, అత్యవసరానికి 112. ఈ రెండూ మీ ఆవిడ ఫోన్లో కూడా ఉండాలి. ఆ ప్రాంతంలో బడులు సెప్టెంబరులో మొదలవుతాయి. ఇక్కడ పాప పరీక్షలు అయ్యాక ఎండాకాలంలో తీసుకెళితే బడి నాటికి కుదురుకుంటుంది.

ఈ లోపు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. పాపకు ఇచ్చేది సీసాలోని ఇన్సులినా, పెన్నా? మీరు రాయలేదు. నిన్న మా ఆఫీసు కింద మెడికల్ షాపులో అడిగి రెండు సిరంజిలు తెచ్చుకున్నాను, ఇది రాస్తుంటే బల్ల మీదే ఉన్నాయి. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నారింజ రంగు మూత. ఎర్రది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు, మన దగ్గర సీసాలు ఎక్కువగా ఇవే. నారింజ రంగుది 100 యూనిట్లది. యూరప్‌లో మామూలుగా దొరికేది ఈ 100. ఇక్కడి ఎర్ర మూత సిరంజితో అక్కడి సీసాలోంచి ‘పది’ గీత దాకా లాగితే పిల్ల ఒంట్లోకి వెళ్లేది పది కాదు, ఇరవై ఐదు యూనిట్లు. అర్థమైంది కదా ఎందుకు చెబుతున్నానో. పెన్నులు ఇక్కడైనా అక్కడైనా ఎక్కువగా 100 యూనిట్లవే. అందుకని సీసా వాడుతుంటే, బయల్దేరే ముందే మీ డాక్టరును అడిగి పెన్నుకు మార్చుకోండి, తిరుపతిలోనే అలవాటు కావాలి.

అదే డాక్టరు దగ్గర ఇంగ్లిష్‌లో ఒక లెటర్ తీసుకోండి. పాప పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. మందులకు కంపెనీ పేర్లు కాదు, అసలు పేర్లు రాయించండి: గ్లార్జిన్, ఆస్పార్ట్, ఏదైతే అది. ప్రయాణంలో ఇన్సులిన్ చేతి సంచిలో ఉండాలి. లగేజీలో వేస్తే కింద చలికి గడ్డ కట్టొచ్చు, గడ్డ కట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మూడు నెలల సరుకు పట్టుకెళ్లండి. వీసా కోసం కొనే ప్రయాణ బీమా పాత జబ్బుకు సాధారణంగా పనిచేయదు, అసలు బీమా కార్డు చేతికొచ్చేదాకా ఆ సంచే మీ బీమా. షుగర్ లెక్క గురించి కంగారొద్దు, స్టుట్‌గార్ట్ వైపు మనలాగే మిల్లీగ్రాముల్లో చెబుతారు. బ్రిటన్‌లో అయితే మన 180ని 10 అంటారు, కొత్తలో గుండె ఝల్లుమంటుంది.

చెప్పాలా, దాచాలా అని అడిగారు. రెండు వేర్వేరు చోట్లు ఇవి, కలపకండి. కంపెనీ వాళ్లకు పాప జబ్బు చెప్పాల్సిన అవసరం లేదు. వాళ్లు తీసుకునేది మిమ్మల్ని. బీమా ఫారంలో గానీ, వీసా ఫారంలో గానీ, స్కూల్లో గానీ అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచి తీసుకున్న పాలసీ సరిగ్గా అవసరమైన రోజే చెల్లదు. దుబాయ్ కంపెనీని కూడా పాప పేరెత్తకుండానే అడగొచ్చు: కుటుంబానికి బీమా మీరిస్తారా, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా, రోజువారీ మందులకు ఏడాదికి పరిమితి ఎంత? జవాబు మెయిల్లోనే రావాలి. ఫోన్లో ‘అంతా చూసుకుంటాం సార్’ అంటే అది జవాబు కాదు.

ఇలాంటి పిల్లలున్నవాళ్లు నన్ను కెనడా, ఆస్ట్రేలియా గురించీ అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. ఆ రెండు దేశాలూ శాశ్వత వీసా ఇచ్చే ముందు కుటుంబం మొత్తానికీ వైద్య పరీక్ష పెడతాయి, వైద్యానికయ్యే ఖర్చు లెక్కిస్తాయి. కెనడాలో 2025లో ఆ హద్దు ఏడాదికి 27,162 కెనడా డాలర్లు. ఆస్ట్రేలియాలో 2024 జులైలో దాన్ని 86,000 ఆస్ట్రేలియా డాలర్లు చేశారు, అది ఏడాదికి కాదు, లెక్కలోకి తీసుకునే ఏళ్లన్నిటికీ కలిపి. ఇంట్లో ఒక్కరి లెక్క హద్దు దాటినా అందరి దరఖాస్తూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇక అమ్మ. ఉత్తరంలో ఆమె గురించి ఒక్క లైనే రాశారు, నాకు మాత్రం మీ చిక్కంతా అక్కడే కనబడింది. జర్మనీ 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చే నిపుణులకు తల్లిదండ్రులను కూడా తెచ్చుకునే వీలు కల్పించింది. విని సంబరపడకండి, ఆమెకు అక్కడ ఆరోగ్య బీమా చూపించాలి. ఆ వయసులో కొత్తగా ప్రభుత్వ బీమాలోకి రానివ్వరు, వాల్వు మార్చిన మనిషికి ప్రైవేటు బీమా దొరకడం చాలా కష్టం. కాబట్టి అమ్మ ఇక్కడే ఉంటుందని అనుకునే ప్లాన్ వేయండి. అసిట్రామ్ వాడే మనిషికి రక్తం పలచదనం పరీక్ష తప్పదు, రిపోర్టు చూసి మోతాదు మార్చాలి. రిపోర్టు ఎవరు తెస్తారు, డాక్టరుకు ఎవరు చూపిస్తారు, ‘అర మాత్ర పెంచమన్నారు’ అని అమ్మకు ఎవరు చెబుతారు? వాట్సాప్‌లో మీరు చూడగలరు. కానీ రాత్రి పదకొండుకు ముక్కులోంచి రక్తం కారితే ఆటో పిలిచి స్విమ్స్ ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి తిరుపతిలో ఉండాలి.

అన్నో తమ్ముడో అక్కో చెల్లో ఉన్నారా? ఉత్తరంలో లేదు. చిత్తూరులోనో మదనపల్లెలోనో ఒక తోబుట్టువు ఉంటే, మీరు జర్మనీకి ఒప్పుకుంటూ వాళ్లకు కూడా ఒక ఉద్యోగం వేస్తున్నారు, జీతం లేనిది. ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడండి. చిత్తూరులో ఉంటే వేలూరు దగ్గరే, అక్కడి సీఎంసీ ఆస్పత్రికి వెళ్లిరావడం సులువు. అమ్మ అక్కడికి మారడానికి ఇష్టపడుతుందా అన్నది వేరే ప్రశ్న. అది ఆమెనే అడగాలి, మీ ఆవిడ ద్వారా కాదు. ఖర్చులకు ప్రతి నెలా ఒకటో తేదీన డబ్బు దానంతటదే పడేలా పెట్టండి, అడిగించుకోవద్దు. ఇక్కడి ఆరోగ్య పాలసీ ఉంటే విదేశం వెళ్తున్నామని దాన్ని ఆపేయకండి. పాత జబ్బుకు ఆగుడు కాలం 36 నెలలకు మించకూడదని 2024లో నియమం వచ్చింది, మీరు ఆ కాలం ఇప్పటికే దాటేసి ఉంటే ఆ లాభం ఎందుకు పోగొట్టుకుంటారు?

మీ ఆవిడ సంగతి కూడా. బ్లూ కార్డు (చదువుకున్న నిపుణులకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద వెళ్లేవాళ్ల భార్యకు వీసా కోసం భాషా పరీక్ష అక్కర్లేదు, వెళ్లాక ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది. పరీక్ష అక్కర్లేదని భాష మానేయొద్దు. చెన్నై గోథే ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సులు ఉన్నాయి. మీరు ఆఫీసులో ఉండగా బడి నుంచి ఫోన్ వస్తే జర్మన్‌లో మాట్లాడాల్సింది ఆమే. ‘వణుకుతోంది, చెమటలు పడుతున్నాయి, జ్యూస్ ఇవ్వండి’ అన్న మూడు ముక్కలూ ముందు నేర్చుకోమనండి, కూరగాయల పేర్లు తర్వాత.

దుబాయ్ వాళ్లకు ఆ మూడు ప్రశ్నల మెయిల్ ఈరోజే పెట్టండి. 18వ తేదీకి జవాబు రాకపోతే, లేదా తేల్చి చెప్పకపోతే, 19న ‘రాలేకపోతున్నాను’ అని రెండు లైన్లు రాసేయండి. కారణం చెప్పనక్కర్లేదు. ఒకవేళ మూడింటికీ మంచి జవాబు వస్తే ఆ మెయిల్, జర్మనీ ఆఫర్ లెటర్ పట్టుకుని రండి, పక్కపక్కన పెట్టి చూద్దాం. మీ ఆవిడను కూడా తీసుకురండి.