డీ7000కి జీపీ-1 కొనాలా, ఫోన్ చాలా?

మీ దగ్గర నికాన్ డీ7000 ఉంది, దానికి తగిలించే నికాన్ జీపీఎస్ యూనిట్ జీపీ-1 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, కొంటే ఫొటోల్లో లొకేషన్ సరిగ్గా పడుతుందా, ఫోన్‌తోనే పని జరుగుతుందా అని అడిగారు. నాదీ అదే కెమెరా, అదే యూనిట్. కడప జిల్లా పల్లెల్లో తిరిగి శాసనాలు, వీరగల్లులు (వీరుల జ్ఞాపకంగా నిలిపిన రాళ్లు) ఫొటోలు తీస్తుంటాను. చేను గట్టున సగం పూడిపోయిన రాయిని రెండేళ్ల తర్వాత మళ్లీ వెతకాలంటే ఊరి పేరు ఒక్కటే చాలదు. అందుకే నాకు ఫొటో ఎంత ముఖ్యమో లొకేషన్ కూడా అంతే ముఖ్యం.

తక్కువ ధరకి, కేబుల్‌తో సహా ఇస్తే కొనండి. డీ7000కి జీపీ1-సీఏ90 కేబుల్ కావాలి. డీ300, డీ700లకు వాడే 10 పిన్నుల కేబుల్ దీనికి పట్టదు. డబ్బులిచ్చే ముందు ఇది చూసుకోండి.

కొన్న కొత్తలో జమ్మలమడుగు వైపు ఒక రోజంతా తిరిగి వచ్చి చూస్తే సగం ఫొటోల్లో లొకేషన్ లేదు. తప్పు నా సెటింగ్‌ది. సెటప్ మెనూలో జీపీఎస్ కింద ఆటో మీటర్ ఆఫ్ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కాసేపు కెమెరా ముట్టుకోకపోతే వెలుతురు కొలిచే మీటర్ నిద్రపోతుంది. మళ్లీ లేపి ఆగకుండా బటన్ నొక్కేస్తే లొకేషన్ పడకపోవచ్చు. నేను దాన్ని డిజేబుల్ చేసి, ఇంకో బ్యాటరీ జేబులో పెట్టుకుంటున్నాను, ఎందుకంటే జీపీ-1కి కరెంటు కెమెరా నుంచే పోతుంది. యూనిట్ మీది లైటు కూడా గమనిస్తుండండి. ఎర్రగా మిణుకుతుంటే ఏమీ రికార్డవడం లేదు, పచ్చగా మిణుకుతుంటే మూడు శాటిలైట్లే అందాయి, నిలకడగా పచ్చగా వెలిగితే నాలుగో అంతకన్నా ఎక్కువో అందాయి. గండికోటలో పైన గట్టు మీద పచ్చగా వెలిగింది, పెన్నా ఒడ్డుకి దిగాక రెండు వైపులా కొండలు ఆకాశాన్ని మూసేసి ఎర్రబడింది. బెలుం గుహల్లో అయితే ఏ జీపీఎస్ పరికరమూ పనిచేయదు. లోపలికి వెళ్లే ముందు ద్వారం దగ్గర ఒక ఫొటో తీసి, ఆ లొకేషన్‌నే ఇంటికొచ్చాక మిగతా వాటికి కాపీ చేస్తాను.

తుమ్మ కంపల్లో నడిచేటప్పుడు కేబుల్ చిక్కుకుంటుంది. ఒకసారి నేను గుంజితే ఊడిపోయింది, చాలాసేపటి దాకా గమనించలేదు. అప్పటి నుంచి ఫోన్‌లో జీపీఎస్‌లాగర్ యాప్ కూడా నడుపుతున్నాను. పది సెకన్లకోసారి నేనెక్కడున్నానో రాసిపెడుతుంది, దానికి నెట్ అక్కర్లేదు. బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి ఆ యాప్‌ని మినహాయించకపోతే మాత్రం ఫోనే మధ్యలో ఆపేస్తుంది. అలా రాసినదంతా జీపీఎక్స్ అనే ఫైల్‌లో ఉంటుంది. కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్‌తోనో డిజీక్యామ్‌తోనో, ఫొటో తీసిన టైమ్‌ని బట్టి ఆ లొకేషన్లను ఫొటోలకు జత చేయొచ్చు.

ఈ పద్ధతికి ప్రాణం కెమెరా గడియారం. బైక్ మీద గంటకు 40 కిలోమీటర్లతో పోతున్నప్పుడు గడియారం నాలుగు నిమిషాలు తప్పితే లొకేషన్ రెండున్నర కిలోమీటర్లకు పైగా జరుగుతుంది, అంటే పక్క ఊరికి వెళ్లిపోతుంది. అందుకని బయల్దేరగానే ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారాన్ని కెమెరాతో ఒక ఫొటో తీయండి. తేడా ఎంతో తెలిసిపోతుంది, సాఫ్ట్‌వేర్‌లో అంతే సరిచేయొచ్చు. జీపీఎక్స్ టైమ్ యూటీసీలో, అంటే మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి అక్కడ +5:30 ఇవ్వడం మరవొద్దు. జీపీ-1కి ఈ బాధ లేదు, ఫొటో తీసేటప్పుడే లొకేషన్ నేరుగా అందులోకి ఎక్కుతుంది. లొకేషన్ పడిందో లేదో అక్కడికక్కడే స్క్రీన్ మీద కనబడుతుంది. నేను దాన్ని వదలకపోవడానికి కారణం అదే. మీవి ఊరికే తీసే టూర్ ఫొటోలైతే ఫోన్ చాలు, డబ్బులు దండగ.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్తున్నాను. మా వైపు గుప్తనిధుల కోసం పాత గుళ్లనీ రాళ్లనీ తవ్వేసేవాళ్లు ఉన్నారు. కాపలా లేని విగ్రహం ఫొటోని లొకేషన్‌తో సహా బయట పెడితే వాళ్లకు దారి చూపినట్టే. ఒరిజినల్ నా దగ్గర ఉంచుకుని, పోస్ట్ చేసే కాపీలోంచి లొకేషన్ తీసేస్తాను, మండలం పేరు వరకే రాస్తాను. ఎగ్జిఫ్‌టూల్‌లో జీపీఎస్ వివరాలన్నీ ఒకే కమాండ్‌తో తీసేయొచ్చు, ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి.