సేలం కథ పిల్లలకి దయ్యాలతో మొదలుపెట్టకండి, పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టండి

"మా పాపకి పదేళ్ళు, సేలం మంత్రగత్తెల విచారణల గురించి స్కూల్లో విని వచ్చింది, ఆ ఆడపిల్లలు అంత పెద్ద అబద్ధం ఎందుకు ఆడారమ్మా అని రోజూ అడుగుతోంది, భయపడకుండా ఎలా చెప్పాలి" అని అడిగారు కదండీ. నేను బోస్టన్ దగ్గరే ఉంటాను, మా పిల్లలిద్దరూ ఇక్కడి స్కూళ్ళలోనే చదువుతున్నారు కాబట్టి ఈ ప్రశ్న మా ఇంట్లో కూడా వచ్చింది. నేనైతే ఒకటే చెప్తా, ఆ పిల్లలు అబద్ధం ఆడారా లేదా అన్నదాని మీద ముందే కూర్చోకండి. వాళ్ళకి ఒంట్లో బాగోలేనప్పుడు పెద్దవాళ్ళు వాళ్ళని ఏం అడిగారో అది చెప్పండి, కథంతా అక్కడే ఉంది.

1692 జనవరి. అమెరికాలోని మసాచుసెట్స్ అప్పుడు ఇంగ్లండ్ కింద ఉన్న కాలనీ. సేలం విలేజ్ అనే పల్లె (ఇప్పుడు దాని పేరు డాన్వర్స్) చర్చి పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆయన కూతురు బెట్టీకి తొమ్మిదేళ్ళు, బంధువులమ్మాయి అబిగైల్‌కి పదకొండు. ఉన్నట్టుండి వాళ్ళు వింతగా అరవడం, ఒళ్ళు మెలికలు తిరగడం, కుర్చీల కింద దూరడం, ఎవరో గిల్లుతున్నారు సూదులు గుచ్చుతున్నారు అనడం. ప్రార్థనలు చేశారు, ఉపవాసాలున్నారు, డాక్టర్ వచ్చి చూసి ఇది నా చేతిలో లేదు దుష్టశక్తి పని అన్నాడు. ఇక అక్కడి నుంచి ఇరుగూ పొరుగూ పెద్దమనుషులూ పిల్లల చుట్టూ చేరి అడిగింది ఒకటే, ఎవరు? ఎవరు చేస్తున్నారు మీకు ఇది? చెప్పేదాకా వదల్లేదు.

ఫిబ్రవరి ఆఖరుకి మూడు పేర్లు బయటికొచ్చాయి. టిటుబా, అదే ఇంట్లో బానిసగా ఉన్న ఆవిడ. సారా గుడ్, ఇల్లూ వాకిలీ లేక చంటిపిల్లతో గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కునే మనిషి, ఎవరైనా పెట్టకపోతే గొణుక్కుంటూ పోయేది. సారా ఆస్బర్న్, మంచం పట్టిన ఆవిడ, ఆస్తి గొడవలు, చర్చికి రాక చాన్నాళ్ళయింది. ఈ ముగ్గురి తరఫున మాట్లాడే నాథుడు ఊళ్ళో లేడు, మీ పాపకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి. మార్చి 1న మేజిస్ట్రేట్ జాన్ హాథార్న్ సారా గుడ్‌ని నిలబెట్టి, ఏ దుష్టాత్మతో నీకు స్నేహం, ఈ పిల్లల్ని ఎందుకు బాధపెడుతున్నావ్ అని అడిగాడు. బాధపెడుతున్నావా అని కాదు, ఎందుకు అని. రికార్డుల్లో ఉన్న మాట ఇది. ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పినా ఇరుక్కున్నట్టే.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను ఇంటర్ చదివేటప్పుడు మా హాస్టల్లో ఇలాంటిదే జరిగింది. ఊరు పేరు, కాలేజీ పేరు వద్దులెండి. పరీక్షలు దగ్గరపడ్డాయి, సెలవు ఇవ్వట్లేదు, ఎండలు మొదలయ్యాయి, తెల్లారుజామున నాలుగింటికి లేపి స్టడీ అవర్. ఒకరోజు పొద్దున ప్రేయర్‌లో ముందు వరసలో ఒకమ్మాయి ఊపిరాడట్లేదు అంటూ కుప్పకూలింది. పక్కనున్న అమ్మాయి దాన్ని పట్టుకోబోయి తనూ పడింది. సాయంత్రానికి మా రూమ్ పిల్ల, చేతివేళ్ళు కొంకర్లు పోయి, పళ్ళు బిగబట్టి, కళ్ళు తేలేసి, నేను దాని కాళ్ళు రుద్దుతూ కూర్చున్నా. రుద్దుతుంటే నా వేళ్ళు కూడా తిమ్మిరెక్కి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయి, నేనూ పోతానేమో అనిపించింది. అది నటన కాదండీ, నా ఒంట్లో జరిగింది నాకు తెలుసు. మూడోరోజుకి పడిపోయేవాళ్ళు ఎక్కువ, పట్టుకునేవాళ్ళు తక్కువ. అప్పుడు మొదలైంది గుసగుస. వెనక బాత్రూముల దగ్గర పనిచేసే ఒక ఆయమ్మ ఉండేది, భర్త పోయాడు, ఎవరితో ఎక్కువ మాట్లాడేది కాదు, అమావాస్య నాడు ఆ బావి దగ్గర ఆవిడ నిమ్మకాయలు పెట్టిందని ఎవరో అన్నారట, ఆ ఎవరో ఎవరో ఇప్పటికీ తెలీదు. రాత్రికల్లా హాస్టల్ మొత్తానికి అది నిజం. కొంతమంది తల్లిదండ్రులు వచ్చి ఆవిడని పిలిపించండి మేం అడుగుతాం అని గేటు దగ్గర గొడవ.

మా వార్డెన్ మేడం గేటుకి అడ్డంగా నిలబడింది. ఆవిడ పేరు ఇక్కడ రాయడం ఆవిడకి నచ్చదు గానీ రోజూ తల్చుకుంటా. "నా పిల్లలకి ఏమైంది అని అడగండి చెప్తా, ఎవరు చేశారు అని అడిగితే మాత్రం లోపలికి రానివ్వను" అంది. పీహెచ్‌సీ నుంచి డాక్టర్‌ని పిలిపించింది, పడిపోయిన పిల్లల్ని ఒకే హాల్లో ఉంచకుండా విడివిడిగా వేరే గదులకి పంపింది, కొందరిని ఇళ్ళకి పంపేసింది, స్టడీ అవర్ ఆపించి అందర్నీ పడుకోమంది, కడుపునిండా తిండి పెట్టించింది. వారం తిరక్కుండా అంతా సద్దుమణిగింది. ఆయమ్మ మేం పరీక్షలు రాసి వెళ్ళేదాకా అక్కడే పనిచేసింది.

ఇప్పుడు సేలంకి రండి. తొమ్మిదేళ్ళ బెట్టీని మార్చి ఆఖర్లో ఆ ఊరి నుంచి తీసేసి పక్కన సేలం టౌన్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టారు. కొన్నాళ్ళకి ఆ పిల్లకి నయమైపోయింది! మా మేడం చేసింది కూడా అదే కదా. ఊళ్ళో ఇలాగే ఫిట్స్ వచ్చిన మిగతా ఆడపిల్లల్ని మాత్రం అలా వదల్లేదు, వాళ్ళని కోర్టుకి తీసుకొచ్చి వందల మంది ముందు నిలబెట్టి, నిందితురాలు తల తిప్పితే మీకూ మెడ తిరుగుతోందా అని చూశారు. పన్నెండేళ్ళ ఆన్ పుట్నమ్‌కి వాళ్ళ నాన్న థామస్ పుట్నమే ఫిర్యాదులు పెట్టేవాడు, వాంగ్మూలాలు చాలా వరకు ఆయన చేతిరాతే. ఆ పుట్నమ్‌ల ఇంటికి ఊళ్ళో పొలం గట్ల తగాదాలు, చర్చి తగాదాలు బోలెడు. మెర్సీ లూయిస్ లాంటి అమ్మాయిలు ఉత్తరాన మెయిన్ అనే ప్రాంతంలో జరిగిన యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని ఇళ్ళల్లో పనికి కుదిరినవాళ్ళు. ఇన్ని భయాలున్న ఊళ్ళో పిల్లలకి ఫిట్స్ రావడంలో నాకైతే ఆశ్చర్యమేమీ లేదు. విషం పట్టిన రై (గోధుమ లాంటి ధాన్యం) రొట్టె తిని అలా అయ్యారని 1976లో ఒక సిద్ధాంతం వచ్చింది, అది ఇప్పటికీ ప్రతి వీడియోలో చెప్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. రొట్టె తిన్నందుకు ఫిట్స్ వచ్చాయే అనుకుందాం, రొట్టె తిన్నందుకే జడ్జిలు ఉరి వేశారా?

జడ్జిలు చదువులేనివాళ్ళు కూడా కాదు. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ హార్వర్డ్‌లో చదివాడు. కానీ వాళ్ళు ఒప్పుకున్న సాక్ష్యం ఏంటో తెలుసా, "ఫలానా ఆవిడ ఆత్మ వచ్చి నన్ను గిల్లింది" అని. మనిషి ఇంట్లో నిద్రపోతున్నా ఆవిడ రూపం వచ్చిందంటే చాలు. నేను ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాను అంటే కూడా కుదరదు, అలాంటి సాక్ష్యాన్ని ఎలా కాదంటారు చెప్పండి. రెబెకా నర్స్ అని 71 ఏళ్ళ ముసలావిడ, భక్తురాలు, ఊళ్ళో 39 మంది ఆవిడ మంచిదని సంతకాలు పెట్టారు. జ్యూరీ మొదట నిర్దోషి అంది. వెంటనే ఆ పిల్లలు గోలగోలగా అరిచారు, స్టౌటన్ జ్యూరీని ఆవిడ అన్న ఒక మాట గురించి మళ్ళీ ఆలోచించమన్నాడు, ఆ మాటకి అర్థమేంటని ఆవిడనే అడిగారు, ఆవిడకి చెవుడు, గోలలో వినపడలేదు, జవాబు చెప్పలేదు. తీర్పు మారింది. జులై 19న ఉరి తీశారు. మా చిన్నదానికి ఇది చెప్పినప్పుడు "మళ్ళీ గట్టిగా అడగొచ్చు కదా" అని ఏడ్చేసింది. పదేళ్ళ పిల్లకి తట్టింది ఆ కోర్టుకి తట్టలేదు.

ఇంకోటి. ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్ళెవర్నీ ఉరి తీయలేదు. టిటుబా నల్ల కుక్క వచ్చింది, ఎర్ర పిల్లి వచ్చింది, బోస్టన్ నుంచి పొడుగాటి మనిషి పుస్తకం పట్టుకొచ్చాడు, అందులో తొమ్మిది గుర్తులున్నాయి అని చెప్పింది, ఇక జనం ఆ మిగతావాళ్ళెవరో వెతకడం మొదలుపెట్టారు. ఆవిడ బతికింది. శామ్యూల్ వార్డ్‌వెల్ ఒప్పుకుని, తర్వాత మనసొప్పక అది అబద్ధం అని వెనక్కి తీసుకున్నాడు, ఉరి. నిజం చెప్తే చావు, అబద్ధం చెప్తే బతుకు. పిల్లలకి ఇది చాలా త్వరగా అర్థమవుతుంది, స్కూల్లో వాళ్ళు చూసేదే కదా.

డొరతీ గుడ్ గురించి మీ పాపకి కొంచెం మెల్లగా చెప్పండి. సారా గుడ్ కూతురు, నాలుగైదేళ్ళు ఉంటాయంతే. దాన్ని కూడా అరెస్ట్ చేశారు! నీకు పాము ఉందా అంటే ఉంది అంది, ఎవరిచ్చారు అంటే అమ్మ ఇచ్చింది అంది. ఆ వయసులో పిల్లలు ఏం అడిగితే దానికి ఊ అంటారు, అమ్మలందరికీ తెలుసు ఇది. నెలల తరబడి జైల్లో గొలుసులతో ఉంచారు, జైల్లోనే చంటి చెల్లెలు చనిపోయింది, అమ్మని ఉరి తీశారు. 1710లో వాళ్ళ నాన్న పరిహారం కోసం పెట్టుకున్న అర్జీలో, ఆ బెదురుకి పిల్లకి మతి స్థిమితం లేకుండా పోయిందని రాశాడు. ముప్ఫై పౌండ్లు ఇచ్చారు. ఇదే నాన్న అప్పుడు భార్యకి వ్యతిరేకంగా మాట్లాడినవాడు.

మొత్తం 19 మందిని ఉరి తీశారు, 14 మంది ఆడవాళ్ళు, అయిదుగురు మగవాళ్ళు. జైల్లో కనీసం అయిదుగురు పోయారు. గైల్స్ కోరీ అనే ముసలాయన విచారణకి ఒప్పుకోనన్నందుకు ఒంటి మీద బరువులు పెట్టి చంపారు, ఇది మాత్రం పన్నెండేళ్ళు దాటేదాకా వివరంగా చెప్పకండి. ఇంకో విషయం, సేలంలో ఎవర్నీ కాల్చలేదు, ఒక్కర్ని కూడా. మన తెలుగు యూట్యూబ్ వాళ్ళు మంటల బొమ్మ పెట్టి "సజీవ దహనం" అని రాస్తారు, చూసిన పిల్లలకి రాత్రి నిద్ర ఉండదు. ఊరు చూపించాలనుకుంటే అక్టోబర్‌లో అస్సలు వెళ్ళకండి, హాలోవీన్ నెల కదా, పార్కింగ్ దొరకదు, ఎటు చూసినా మొనదేలిన మంత్రగత్తె టోపీలు, చీపుర్లు, ఆ ఊరి పోలీసుల బ్యాడ్జి మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తే. ఉరి తీసిన చోటు ఒక మందుల షాపు వెనకాల ఉంది, అక్కడికి వెళ్ళేవాళ్ళు తక్కువ. డాన్వర్స్ వెళ్ళండి, పారిస్ ఇంటి పునాది రాళ్ళు ఇంకా ఉన్నాయి, రెబెకా నర్స్ ఇల్లు ఉంది, నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

1692 అక్టోబర్ చివర్లో ఆ కాలనీ గవర్నర్ ఫిప్స్ ఆ కోర్టు రద్దు చేశాడు, కొత్త కోర్టులో ఆత్మ గిల్లింది సాక్ష్యాలు చెల్లవన్నారు, ఇంచుమించు అందరూ విడుదలయ్యారు. సాక్ష్యం మారితే తీర్పులు మారాయి. 1697లో జడ్జి శామ్యూల్ సూవల్ చర్చిలో అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. స్టౌటన్ అలా బహిరంగంగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ అనే 22 ఏళ్ళ అమ్మాయికి మరణశిక్ష వేసి తర్వాత తప్పించారు గానీ ఆమె పేరు మీద మచ్చ మాత్రం 2022 దాకా ఉండిపోయింది, దాన్ని తీయించింది నార్త్ ఆండోవర్ ఎనిమిదో క్లాసు పిల్లలు, టీచర్‌తో కలిసి చట్టసభకి పట్టుబట్టి. మీ పాపకి భయం పోవాలంటే ఇది చెప్పండి.

మన దగ్గర ఇలాంటివి లేవా అని అడుగుతుంది, మావాడు అడిగాడు. ఉన్నాయనే చెప్పండి. చేతబడి, బాణామతి అని ఒంటరి ముసలివాళ్ళని కొట్టిన వార్తలు తెలంగాణలో, ఆంధ్రలో ఇప్పటికీ వస్తున్నాయి. అమెరికా వాళ్ళ పాత కథ అని దాటేయొద్దు.

ఇక అసలు అడిగింది, అబద్ధం ఆడారా అని. కొంతమంది కొన్నిసార్లు ఆడారు. సారా గుడ్ విచారణలో ఒక అమ్మాయి ఈవిడ ఆత్మ నన్ను కత్తితో పొడిచింది అంటూ విరిగిన మొన చూపించింది. ఒక కుర్రాడు లేచి, అది నా కత్తి, నిన్న విరిగితే ఈ అమ్మాయి ముందే పారేశాను అని మిగతా ముక్క తెచ్చి చూపించాడు, రెండూ అతుక్కున్నాయి. కోర్టు ఆ అమ్మాయిని ఇక అబద్ధాలాడకు అని చెప్పి, మళ్ళీ సాక్ష్యం కొనసాగించమంది. ఇక్కడ ఆగి మీ పాపని అడగండి, నువ్వు జడ్జివైతే ఏం చేసేదానివి అని. మా చిన్నది ఆ అమ్మాయికి నీళ్ళిచ్చి ఇంటికి పంపించేస్తా, సారా గుడ్‌ని కూడా పంపించేస్తా అంది.