హెపటైటిస్-బికి నానో మందు వచ్చిందా? నాన్నగారు రోజూ వేసుకునే మాత్ర మానేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి హెపటైటిస్-బి ఉంది, ఆ వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ అనే మాత్ర రోజూ వేసుకుంటున్నారు. నానో టెక్నాలజీతో మందును నేరుగా కాలేయానికే పంపుతున్నారని ఒక వీడియోలో చూశారు. అది వైజాగ్‌లో దొరుకుతుందా, దొరికితే రోజూ మాత్ర బాధ తప్పుతుందా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. హెపటైటిస్-బిని తగ్గించే అలాంటి నానో మందు వైజాగ్‌లోనే కాదు, ఇంకెక్కడా ఆమోదం పొంది వాడకంలోకి రాలేదు. డాక్టర్ చెప్పకుండా మాత్ర మాత్రం ఆపించకండి. ఆపేస్తే అణిగి ఉన్న వైరస్ మళ్లీ లేచి కాలేయం వాచిపోవచ్చు. కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇక వీడియో సంగతి. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఫార్మసీ చేశాను. ఇప్పుడు ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. నానో మందులను ల్యాబ్‌లో తయారుచేశాను, వార్డుకి కలిపి పంపాను కూడా. ఇలాంటి వీడియోలు దాటేసే విషయం ఒకటుంది. మందును మోసే ఈ నానో కణాలు, అంటే కంటికి కనపడనంత చిన్న కణాలు, వైరస్‌ను ఏమీ చెయ్యవు, పని చేసేది వాటి లోపలున్న మందే. కణం ఆటో లాంటిది. ఎక్కించుకుని తీసుకెళ్లి దింపుతుంది, అంతే. అందుకే ఏ నానో మందు గురించి విన్నా నేను చూసేది ఒక్కటే: మామూలు మందుతో వచ్చిన ఇబ్బంది ఏమిటి, నానో చేశాక అది తీరిందా?

నిజంగా తీరిన సందర్భం 2021లో చూశాను. కోవిడ్ రెండో వేవ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది కదా, అప్పుడు అందరూ వెతికిన లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి నానో మందే. అది వైరస్‌కి కాదు, ఫంగస్‌కి, కానీ సూత్రం అదే. మామూలు యాంఫోటెరిసిన్ కిడ్నీలను బాగా దెబ్బతీస్తుంది. దాన్నే 100 నానోమీటర్ల లోపు కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తే ఆ దెబ్బ చాలా తగ్గుతుంది. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు అనుకుంటే ఆ బుడగ ఎంతో ఊహించుకోండి.

ఆ మందు వయల్‌లో, అంటే చిన్న సీసాలో, పసుప్పచ్చ పొడి ఉంటుంది. స్టెరైల్ వాటర్ పోసి కనీసం అర నిమిషం గట్టిగా ఊపాలి. తర్వాత ఫిల్టర్ గుండా తీసి డి-5 (గ్లూకోజ్ నీళ్ల) బాటిల్‌లో కలపాలి. మామూలు సెలైన్‌లో, అంటే ఉప్పునీళ్లలో, కలిపితే మందు విరిగిపోయి అడుగున చేరుతుంది. అలవాటు కొద్దీ చెయ్యి సెలైన్ బాటిల్ మీదికే పోతుంది కాబట్టి ప్రతి ట్రే మీదా 'డి-5 మాత్రమే' అని ఎర్ర స్కెచ్‌తో రాసి పంపేవాళ్లం. అరవై కిలోల మనిషికి కిలోకి 5 మి.గ్రా. చొప్పున ఇస్తే రోజుకి 300 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. వయల్స్ ఆరు. అలా వారాల తరబడి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ కౌంటర్ దగ్గర బాటిల్ చూసి, "ఇదేటమ్మా, పసుపు నీళ్లలాగ ఉంది, దీనికా ఇంత డబ్బు?" అంది. ఏం చెప్తాం? కిడ్నీలు నిలబెట్టడానికమ్మా అన్నాను.

దీనికి ఎదురు ఉదాహరణ నా ఎం.ఫార్మ్ ప్రాజెక్టే. హెర్పిస్ అనే పొక్కుల వైరస్‌కి వాడే ఎసైక్లోవిర్ నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ, అందుకే మాత్ర రోజుకి ఐదుసార్లు దాకా వేసుకోవాలి. మందుని లైపోసోముల్లో, అంటే ఇందాకటి కొవ్వు బుడగల్లో, పెడదామని కూర్చున్నాను. లెసిథిన్ అనే కొవ్వు పదార్థం, కొలెస్టరాల్ కరిగించి ఫ్లాస్క్ గోడలకు పల్చటి పొరలా పట్టించడం, నీళ్లు పోసి ఆ పొరను బుడగలుగా లేపడం. కణాలు సన్నగా వస్తే ద్రావణానికి లేత నీలి ఛాయ వస్తుంది, అది చూడ్డానికి భలే ఉంటుంది. కానీ మన వైజాగ్ ఉక్కకి మూత తీసిన లెసిథిన్ బంకలా సాగుతుంది. కష్టపడి చేసిన బుడగలు కూడా నిలవ ఉంచితే ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి. ఇంతకీ మందు రక్తంలోకి సరిగా చేరని ఆ ఇబ్బందిని 1995లోనే వాలసైక్లోవిర్ అనే మందు చాలావరకు తీర్చేసింది. అదే అణువుకి వాలీన్ అనే అమైనో ఆమ్లం తగిలించారు, పేగులు దాన్ని బాగా పీల్చుకుంటున్నాయి. నానో ఊసే లేదు. అయినా ఎసైక్లోవిర్ నానో కణాల మీద పేపర్లు వస్తూనే ఉంటాయి, మా ప్రాజెక్టులకు అదో వరం!

యాంటీవైరల్స్‌లో, అంటే వైరస్ మందుల్లో, నానో గట్టిగా నిలబడింది హెచ్‌ఐవీ దగ్గర. కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ అనే రెండు మందులు నీళ్లలో దాదాపు కరగవు. వాటిని 200 నానోమీటర్ల స్థాయి స్ఫటికాలుగా నూరి పిరుదు కండరంలోకి ఇస్తారు. అవి అక్కడే ఉండి నెమ్మదిగా కరుగుతాయి. నెలకోసారి లేదా రెండు నెలలకోసారి వేయించుకుంటే చాలు, రోజూ మాత్ర ఉండదు. అమెరికాలో 2021 జనవరిలో అనుమతి వచ్చింది. మీరు చూసిన వీడియోకి మూలం ఇలాంటి వార్తే అయ్యుంటుంది.

ఇది నాన్నగారికి ఎందుకు పనికిరాదంటే, ఆ రెండు మందులూ హెపటైటిస్-బి వైరస్‌ను అణచవు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి రెండూ ఉన్నవాళ్లకి కూడా ఈ ఇంజెక్షన్లు మాత్రమే ఇచ్చి సరిపెట్టరు, టెనోఫోవిర్ లాంటిది కొనసాగాల్సిందే. పైగా మాత్ర పడకపోతే డాక్టర్‌ని అడిగి మానేయొచ్చు, కండరంలోకి ఎక్కించిన మందుని వెనక్కి తీయలేం. కాబోటెగ్రావిర్ ఆనవాళ్లు ఏడాది దాటినా ఒంట్లో ఉండొచ్చు.

నేరుగా కాలేయానికి పంపడం అనేది అబద్ధం కాదు. రక్తంలోకి ఎక్కించిన నానో కణాల్లో ఎక్కువ భాగం ఎలాగూ కాలేయానికే చేరతాయి, అక్కడ కాపలా కాసే కుఫర్ కణాలు వాటిని మింగేస్తాయి. కానీ హెపటైటిస్-బి ఉండేది పక్కనున్న హెపటోసైట్లలో, అంటే కాలేయం అసలు పని చేసే కణాల్లో. వాటి కేంద్రకంలో వైరస్ తన డీఎన్ఏను చిన్న వలయంలా చుట్టి దాచుకుంటుంది. టెనోఫోవిర్ కొత్త వైరస్ తయారీని ఆపుతుంది కానీ ఆ వలయాన్ని కదపలేదు. మాత్ర ఏళ్ల తరబడి వేసుకోవాల్సి రావడానికి అసలు కారణం అదే. కాలేయానికి చేరడం టెనోఫోవిర్‌కి సమస్యే కాదు, మాత్రగా మింగినా చేరుతోంది. ఆ వలయాన్ని తీసేసే మందు దొరికినప్పుడు, దాన్ని మోసుకెళ్లడానికి నానో కణం కావాల్సి రావచ్చు. అప్పుడు మీరు ఈ ప్రశ్న మళ్లీ అడగండి, సంతోషంగా జవాబిస్తాను.

ఇంకో మాట. ఒకప్పుడు కామెర్లకి పసరు పోసేవాళ్లు. ఇప్పుడు అదే సరుకు 'నానో' అని లేబుల్ మీద వేసుకుని ఆన్‌లైన్‌లో వస్తోంది. లోపల ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, దేనికి అనుమతి అన్నది సీసా మీద లేకపోతే కొనకండి. ఆకు మందులు కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి.

మీ ఇంటికి ఈరోజే పనికొచ్చే నానో వస్తువు ఒకటుంది, హెపటైటిస్-బి టీకా. వైరస్ పైపొరలోని ప్రోటీన్‌ను ఈస్ట్‌లో తయారుచేస్తే అది దానంతటదే 22 నానోమీటర్ల గుండ్రటి కణాలుగా ముడుచుకుంటుంది. లోపల వైరస్ ఉండదు. మన దేశంలో అలాంటి టీకాను మొదట తయారుచేసి తెచ్చింది హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్, 1997లో. అమ్మగారికి, మీకు, తోబుట్టువులకి హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష (ఒంట్లో ఈ వైరస్ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించండి. నెగెటివ్ వచ్చి, ఇంతకుముందు టీకా పడని వాళ్లు మూడు డోసులు వేయించుకోవాలి: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, మొదటి డోసు నుంచి ఆరు నెలలకి ఒకటి. ఎవరికైనా పాజిటివ్ వస్తే టెన్షన్ పడకుండా రిపోర్టు తీసుకుని నాన్నగారి డాక్టర్‌నే కలవండి. ఖర్చు ఇబ్బందైతే మన ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో అడగండి, 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వం పరీక్షలూ మందులూ ఉచితంగా ఇస్తోంది.