మండువా కొలిచేముందు

బుజ్జీ,

ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాదిలోనే మీ సార్‌తో కలిసి కోనసీమ మండువా లోగిళ్లు కొలిచి, రెండో ఏడాది పిల్లలకు స్టూడియో పాఠం (గీస్తూ నేర్చుకునేది) తయారుచేస్తారటగా. అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఇంటివాళ్లను ముందే అడగండి. టేపులు రెండుండాలి. పెంకుల మీదకి మాత్రం ఎక్కావో, ఊరుకోను! పాత వాసాలు పైకి బాగానే ఉంటాయి, లోపలంతా చెదలు.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఇలాగే ఓ ఇల్లు కొలిచాం. మండువాకి మూల నుంచి మూలకి పట్టిన రెండు కొలతలకీ ఎనిమిది సెంటీమీటర్ల తేడా వచ్చిందంది ఒక పిల్ల. మూలలు సరిగ్గా ఉంటే రెండూ ఒకటే రావాలి. "టేపు వదులుగా పట్టుంటావు, సరిచేసి గీసెయ్" అన్నాను. మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే. నేను చూడను కూడా లేదు. మార్కులు నా చేతిలో ఉన్నాయిగా, చెరిపి గీసింది. పిల్లలు గీసినవి చూసి చర్చించే జ్యూరీలో ఆ షీటు భలే మెచ్చుకున్నారు.

రెండేళ్లకు ఆ వీధిలో ఓ ముసలి తాపీ మేస్త్రి కలిశాడు. "సందు వంపుగా ఉంది గదమ్మా, గోడ దాన్ని పట్టుకునే పోయింది. మండువా కాస్త వంకరే" అన్నాడు. అప్పటికే ఇల్లు పడగొట్టేశారు. మిగిలింది నేను అబద్ధం గీయించిన షీటు. ఆ పిల్ల మళ్లీ నా దగ్గరకు సందేహంతో రాలేదు.

సిగ్గుపడేదేంటంటే, అమెరికాలో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ 1993లో పెట్టిన రూరల్ స్టూడియో గురించి ఏటా క్లాసులో ఊదరగొట్టేదాన్ని. అలబామా పల్లెలో మాస్టర్లూ పిల్లలూ కలిసి గడ్డిమోపులు పేర్చి ఇల్లు కట్టారని. ఆ పిల్ల కూడా విన్నదే.

అందుకే, మీ సార్ ఎంత మంచివాడైనా మొదటిరోజే అడుగు: ఈ పనికి మార్కులు వేరే మాస్టారు వేస్తారా? షీటు మీద ఎవరి పేర్లుంటాయి? మొహమాటపడకు. నీకు మీ అమ్మ మొహమాటమే వచ్చింది, పిచ్చితల్లీ. కొలత తేడా వస్తే ఆయన్నే రెండో కొస పట్టుకోమను.

నా ముప్ఫై మీటర్ల టేపు పంపిస్తున్నా. మొదటి కొస నలిగింది. పది సెంటీమీటర్ల గీత నుంచి పట్టి, ఆ పదీ తీసెయ్యి.

పెద్దమ్మ